స్కాన్ స్పీడ్ సరే, అసలది దేనికి ఆగుతుంది?

ముందే ఒకటి ఒప్పేసుకుంటా. పోయినేడాది ఇక్కడే ఒక ఫాస్ట్ చార్జర్‌కి 10కి 8.5 ఇచ్చాను. జేబులో పట్టేంత చిన్నది, పెద్దగా వేడెక్కదు, గంటలోపే ఫోన్ ఫుల్. ఇంకేం కావాలి అని రాసేశాను. ఇప్పుడు ఆ మార్కులు వెనక్కి తీసుకోవాలనిపిస్తోంది. దానికి కారణం పక్క టేబుల్ మీదున్న నా హెచ్‌ఎఫ్ రేడియో.

ఆ కథ చెప్పేముందు ఒక నంబర్ మీద నాకున్న కోపం కక్కేయాలి. హెచ్‌ఎఫ్ రేడియోల బ్రోషర్లు తిరగేస్తే "సెకనుకు ఇన్ని ఛానెళ్ల స్కాన్" అని గొప్పగా రాసి ఉంటుంది. రివ్యూలు రాసేవాళ్లం కూడా దాన్ని తీసుకొచ్చి టేబుల్‌లో పెట్టేస్తాం, ఎక్కువున్న సెట్‌కి పచ్చ టిక్కు కొట్టేస్తాం. ఫోన్ కెమెరాల్లో మెగాపిక్సెల్స్ ఎలాగో ఈ రేడియోల్లో స్కాన్ స్పీడ్ అలా తయారైంది. పోల్చడానికి ఈజీగా ఉంటుంది, అసలు పనితో సంబంధం మాత్రం చాలా తక్కువ. నా లెక్కలో హెచ్‌ఎఫ్ సెట్ కొనేముందు అడగాల్సిన ప్రశ్న "ఎంత స్పీడ్‌గా స్కాన్ చేస్తుంది" అన్నది కానే కాదు. "దేన్ని విని ఆగుతుంది" అన్నది. ఈ ముక్క నాకు ఒక ఆదివారం పొద్దున పరువు పోగొట్టుకున్నాక గానీ తలకెక్కలేదు.

హెచ్‌ఎఫ్ కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. వాకీటాకీ అనగానే మనకి గుర్తొచ్చేది సెక్యూరిటీ గార్డు చేతిలో ఉండే బుల్లి సెట్. అది వీహెచ్‌ఎఫ్ లేదా యూహెచ్‌ఎఫ్, మామూలుగా కొద్ది కిలోమీటర్ల పని. హెచ్‌ఎఫ్ అంటే 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు. ఈ తరంగాలు పైకెళ్లి, అయనోస్ఫియర్‌లో వంగి, వందలు, వేల కిలోమీటర్ల అవతల మళ్లీ నేలకి దిగుతాయి. మధ్యలో టవర్ అక్కర్లేదు, శాటిలైట్ అక్కర్లేదు, రీచార్జ్ ప్లాన్ అసలే అక్కర్లేదు. ఓడలు, సైన్యాలు, సముద్రం దాటే విమానాలు, ఆస్ట్రేలియా ఎడారుల్లో తిరిగే జీపులు, మాలాంటి హామ్‌లు ఇంకా దీన్నే పట్టుకుని వేలాడటానికి కారణం అదే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖని కొట్టినప్పుడు నేను స్కూల్లో చదువుతున్నా. మా ఇంట్లో నాలుగు ఫోన్లుంటే ఒక్కదానికీ సిగ్నల్ లేదు. చివరికి అవి టార్చిలైట్లుగా కూడా పనికిరాకుండా పోయాయి, చార్జింగ్ పెట్టడానికి కరెంటే లేదు మరి. హామ్ లైసెన్స్ పరీక్ష రాయాలన్న పురుగు అప్పుడే బుర్రలో దూరింది. (లైసెన్స్ లేకుండా వినొచ్చేమో గానీ ప్రసారం చేయకూడదు. సెట్ ఆన్‌లైన్‌లో దొరికేస్తోంది కదా అని మైక్ నొక్కేయకండి.)

అసలు స్కాన్ ఎందుకు?

ఫోన్‌లో ఈ గొడవే మనకి తెలియదు. టవర్ ఎక్కడుంటే అక్కడికి ఫోన్ తనే అతుక్కుంటుంది. హెచ్‌ఎఫ్‌లో టవర్ స్థానంలో ఆకాశం ఉంది, ఆకాశం మూడ్ గంటగంటకీ మారుతుంది. పగలు ఎండకి అయనోస్ఫియర్ కింది పొర, డీ లేయర్ అంటారు, తక్కువ ఫ్రీక్వెన్సీలని మింగేస్తుంది. చీకటిపడ్డాక ఆ పొర దాదాపు మాయమైపోతుంది, కానీ పై పొర పలచబడి ఎక్కువ ఫ్రీక్వెన్సీలని వంచలేక అంతరిక్షంలోకి వదిలేస్తుంది. విశాఖ నుంచి పగటిపూట రాజమండ్రితో మాట్లాడాలంటే నాకు 7 మెగాహెర్ట్జ్ బాగా పనికొస్తుంది. అదే టైమ్‌లో 14కి వెళ్తే నా సిగ్నల్ రాజమండ్రి నెత్తిమీదుగా ఎగిరిపోయి ఎక్కడో చాలా దూరంలో దిగుతుంది. పక్కూరివాడికి వినపడను, పరాయి దేశం వాడికి వినపడతాను. మొదటిసారి ఇది అనుభవంలోకి వచ్చినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కాబట్టి నన్ను పిలిచేవాడు ఆ గంటకి ఏ ఛానెల్ పనిచేస్తే ఆ ఛానెల్‌లో వస్తాడు. అదేదో నాకు ముందే తెలియదు. అందుకని నా రేడియో వరసగా ఒక్కో ఛానెల్ మీద కాసేపు నిలబడి విని, ఏమీ లేకపోతే తర్వాతదానికి వెళ్లాలి. చివరి ఛానెల్ అయ్యాక మళ్లీ మొదటికి. ఒక్కో ఛానెల్ మీద నిలబడే టైమ్‌ని డ్వెల్ అంటారు. అర సెకను డ్వెల్, 10 ఛానెళ్లు అనుకుంటే ఒక రౌండ్‌కి 5 సెకన్లు. ఇంతవరకు సింపుల్.

ఆ డ్వెల్‌ని ఇష్టం వచ్చినట్టు కోసేయలేం. ఛానెల్ మారిన ప్రతిసారీ రేడియోలోని సింథసైజర్ కొత్త ఫ్రీక్వెన్సీ మీద కుదురుకోవాలి, బ్యాండ్ మారితే ఫిల్టర్ మారాలి. పాత సెట్లలో అయితే ఆ రిలేల టకటక చప్పుడు మనకే వినిపిస్తుంది. ఆ తర్వాత ఏజీసీ, అంటే సిగ్నల్ బలాన్ని బట్టి రిసీవర్ గెయిన్‌ని తనంతట తానే తగ్గించి పెంచే సర్క్యూట్, సర్దుకోవాలి. గట్టి సిగ్నల్ ఉన్న ఛానెల్ నుంచి నెమ్మదైన ఛానెల్‌కి దూకితే కొద్దిసేపు రిసీవర్ చెవిటిదే. ఎండలోంచి ఇంట్లోకి వచ్చినప్పుడు కళ్లు బైర్లు కమ్ముతాయే, అలాంటిది. ఇంక జీపు మీది యాంటెన్నా సంగతి చెప్పక్కర్లేదు. లోపల మోటార్ తిరిగి ట్యూన్ అయ్యే విప్ యాంటెన్నా సెకనుకి రెండుసార్లు ట్యూన్ అవలేదు. అందుకే కొన్ని మోడళ్లు స్కాన్‌లో ఉన్నంతసేపూ ట్యూనింగ్‌ని పక్కనపెట్టి ఒక వైడ్‌బ్యాండ్ యాంప్లిఫయర్‌తో వింటాయి, కాల్ తగిలి మాట్లాడాల్సి వచ్చినప్పుడే ట్యూన్ అవుతాయి. అంటే స్కాన్‌లో ఉన్న రేడియో తన పూర్తి సామర్థ్యంతో వింటున్నట్టు కాదు. ఏ బ్రోషర్ చెబుతుంది ఈ మాట?

పిలిచేవాడి వైపు నుంచి చూడండి

స్కాన్ అనగానే అందరం వినే రేడియో గురించే ఆలోచిస్తాం. అసలు కిటుకు పిలిచేవాడి దగ్గరుంది.

మీ జేబులో ఉన్న ఫోన్‌తోనే మొదలుపెడదాం. ఖాళీగా ఉన్న 4జీ ఫోన్ ఎప్పుడూ వింటూ కూర్చోదు, అలా కూర్చుంటే బ్యాటరీ గోవిందా. అది నిద్రపోతూ, నెట్‌వర్క్ సెట్టింగ్‌ని బట్టి 320 మిల్లీసెకన్ల నుంచి 2.56 సెకన్లకొకసారి ఒక్క క్షణం లేచి, "నాకేమైనా పిలుపుందా" అని చూసి మళ్లీ పడుకుంటుంది. టవర్‌కి ఆ లేచే క్షణం కచ్చితంగా తెలుసు. సరిగ్గా అప్పుడే పిలుస్తుంది. ఇద్దరి గడియారం ఒకటే కాబట్టి ఇంత చిన్న పిలుపు చాలు.

సముద్రం మీద ఇదే ఐడియా చాలా పాతది. మా గురువుగారు మర్చంట్ నేవీలో రేడియో ఆఫీసర్‌గా చేశారు. ఆయన ఇంటి హాల్లో ఒక ఓడ గడియారం ఉంది. డయల్ మీద 15 నుంచి 18 నిమిషాల దాకా, 45 నుంచి 48 దాకా ఎర్ర రంగు ముక్కలు. గంట కొట్టగానే మూడు నిమిషాలు, అరగంట దాటగానే మూడు నిమిషాలు ఆకుపచ్చ ముక్కలు. అప్పట్లో ఎర్ర ముక్కలోకి ముల్లు వచ్చిందంటే 500 కిలోహెర్ట్జ్ మీద అందరూ నోరు మూసుకుని వినాల్సి ఉండేది, ఎవరైనా మునిగిపోతూ సన్నగా పిలుస్తున్నారేమోనని. ఆకుపచ్చ ముక్కలు 2182 కిలోహెర్ట్జ్ మీద మాట్లాడేవాళ్లకి. గంటకి రెండుసార్లు ఓడలన్నీ కలిసి మౌనం పాటించడం అన్నమాట. నాకు తెలిసి ఇంత అందమైన ప్రోటోకాల్ ఇంకోటి లేదు, ఇందులో ఒక్క చిప్ కూడా లేదు.

మామూలు హెచ్‌ఎఫ్ స్కానింగ్‌లో ఇలాంటి ఉమ్మడి గడియారం లేదు. నా రేడియో ఈ క్షణాన ఏ ఛానెల్ మీదుందో పిలిచేవాడికి తెలియదు. అప్పుడు వాడు చేయగలిగింది ఒక్కటే. నా రేడియో ఒక రౌండ్ పూర్తిచేసి ఆ ఛానెల్‌కి వచ్చేదాకా పిలుస్తూనే ఉండాలి. నా స్కాన్ రౌండ్ ఎంత పొడవో, వాడి పిలుపు కనీసం అంత పొడవుండాలి. ఈ ఒక్క వాక్యం పట్టుకుంటే హెచ్‌ఎఫ్ స్కానింగ్ సగం అర్థమైనట్టే.

ఆస్ట్రేలియాలో వీకేఎస్-737 అని ఒక హెచ్‌ఎఫ్ నెట్‌వర్క్ ఉంది, జీపుల్లో ఎడారులు తిరిగేవాళ్ల కోసం. దాని ఛానెళ్లు 3995, 5455, 8022, 11612, 14977 కిలోహెర్ట్జ్. చూడండి, ఐదే. రోజులో ఏ గంటకైనా ఏదో ఒకటి పనిచేసేలా మెట్లు మెట్లుగా పేర్చుకున్నారు. అక్కడి సెట్లు సెల్‌కాల్ అనే పద్ధతి వాడతాయి. ఫోన్ నంబర్ లాంటి ఒక నంబర్ నొక్కితే రేడియో ముందు కొన్ని సెకన్లపాటు ఒకే రకమైన ట్వీట్ ట్వీట్ శబ్దం పంపి, ఆ తర్వాతే నంబర్ పంపుతుంది. ఆ ముందుమాటని ప్రియాంబుల్ అంటారు. స్కాన్‌లో ఉన్న రేడియోలు అది వినగానే ఆగి, నంబర్ తనదైతే బెల్ కొడతాయి, కాకపోతే మళ్లీ తిరుగుడే. సెట్ చేసేటప్పుడు ప్రియాంబుల్‌ని స్కాన్ రౌండ్ కంటే పొడవుగా పెట్టుకోవాలి. ఛానెళ్లు పెంచుకుని ప్రియాంబుల్ పెంచకపోతే, రెండు రేడియోలూ కండిషన్‌లో ఉండి కూడా ఒకదానికొకటి దొరకవు.

ఓడల్లో ఇప్పుడున్న పద్ధతి ఇంకా కచ్చితం. డీఎస్‌సీ రిసీవర్ ఆరు ఆపద ఫ్రీక్వెన్సీల దాకా స్కాన్ చేస్తుంది, 2187.5తో మొదలై 4207.5, 6312, 8414.5, 12577, 16804.5 కిలోహెర్ట్జ్. ఎంచుకున్నవన్నీ 2 సెకన్లలోపు ఒక రౌండ్ తిరిగిరావాలన్నది రూల్. అటువైపు ఆపద కాల్ మొదట్లో 200 బిట్ల చుక్కల వరుస ఉంటుంది, సెకనుకి 100 బిట్ల వేగంతో. లెక్కేయండి, సరిగ్గా 2 సెకన్లు. వినేవాడి రౌండ్, పిలిచేవాడి ముందుమాట, రెండూ ఒకే కొలతకి కోసిన బట్టలు. ఇక్కడ ఎవరూ "మాది 1 సెకనులో తిరిగొస్తుంది" అని గొప్పలు పోనక్కర్లేదు. 2 సెకన్లు చాలు, అందరికీ ఒకటే 2 సెకన్లు అయితే.

సైన్యాలు వాడే ఏఎల్‌ఈ దీనికి పైమెట్టు. మిల్-ఎస్‌టీడీ-188-141 అనే అమెరికా సైనిక ప్రమాణంలో ఉంది ఇది. 750 నుంచి 2500 హెర్ట్జ్ మధ్య ఎనిమిది టోన్లు, ఒక్కోటి 8 మిల్లీసెకన్లు. వింటే పిట్టల గుంపు కీచులాడినట్టుంటుంది. సెకనుకి 2 లేదా 5 ఛానెళ్లు స్కాన్ చేస్తాయి. 5 అంటే ఒక్కో ఛానెల్‌కి 200 మిల్లీసెకన్లు. కానీ ఏఎల్‌ఈలో ఒక పదం పూర్తవడానికే 392 మిల్లీసెకన్లు పడుతుంది! మరెలా? రేడియో ఆ 200 మిల్లీసెకన్లలో పదం చదవదు. "ఇది ఏఎల్‌ఈ పిట్టేనా కాదా" అన్నది మాత్రం తేల్చుకుంటుంది. అవునంటే అక్కడే నిలబడి తీరిగ్గా చదువుతుంది. పిలుపు, జవాబు, అందిందన్న మాట, ఇలా మూడుసార్లు అటూ ఇటూ అయ్యాక లింక్ అయినట్టు. పైగా ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కో స్టేషన్ ఒక్కో ఛానెల్‌లో తన పేరు చెప్పుకుంటూ ఉంటుంది, మిగతావాళ్లు ఎవరు ఎక్కడ ఎంత బాగా వినిపిస్తున్నారో రాసిపెట్టుకుంటారు. తర్వాతి తరం ఏఎల్‌ఈలో జీపీఎస్ లాంటి వాటితో గడియారాలు కలిపేసి అన్ని రేడియోలూ ఒకేసారి ఛానెల్ మార్చేలా చేశారు. అంటే తిరిగి తిరిగి గురువుగారి ఎర్ర ముక్కల గడియారం దగ్గరికే వచ్చారు.

ఈ పద్ధతులన్నిట్లో ఒక పోలిక గమనించారా? రేడియో ఆగేది ఒక గుర్తుకి. చుక్కల వరుస, ట్వీట్ శబ్దం, ఎనిమిది టోన్లు. ఏదో ఒక చప్పుడికి కాదు.

నా పరువు పోయిన ఆదివారం

ఇప్పుడు మామూలు హామ్ సెట్‌కి వద్దాం. ఇందులో స్కాన్ ఆగేది స్క్వెల్చ్ తెరుచుకుంటే. వీహెచ్‌ఎఫ్ ఎఫ్ఎంలో స్క్వెల్చ్ చాలా తెలివైనది. ఎవరైనా మైక్ నొక్కగానే క్యారియర్ వచ్చి, రిసీవర్‌లోని బుస్సుమనే నాయిస్ టక్కున అణిగిపోతుంది. ఆ నిశ్శబ్దాన్ని చూసి సెట్ ఆగుతుంది. మాట్లాడేవాడు మాట్లాడకపోయినా పర్వాలేదు. హెచ్‌ఎఫ్‌లో మాటలకి వాడేది ఎస్‌ఎస్‌బి. అందులో క్యారియర్ ఉండదు. మాట్లాడితేనే సిగ్నల్, ఊపిరి పీల్చుకుంటే సిగ్నల్ లేదు. పైగా హెచ్‌ఎఫ్‌లో నాయిస్ ఎప్పుడూ ఉంటుంది. ఎక్కడో మెరిసిన మెరుపు కూడా స్పీకర్‌లో చిటపటలాడుతుంది. బలాన్ని మాత్రమే చూసే స్క్వెల్చ్‌కి మెరుపూ ఒకటే, మనిషీ ఒకటే. కమర్షియల్ హెచ్‌ఎఫ్ సెట్లలో కొన్నిటికి మాటల లయని పట్టే స్క్వెల్చ్ ఉంటుంది. మనిషి మాటలో అక్షరాలు సెకనుకి కొన్నిసార్లు లేచి పడతాయి కదా, ఆ ఊపుని వెతుకుతుంది. మెరుపుకీ చార్జర్ గోలకీ ఆ ఊపు ఉండదు. నా సెట్‌లో ఆ సౌకర్యం లేదు.

మా హామ్ మిత్రులం తుపాను సీజన్ ముందు ఒక ప్రాక్టీస్ పెట్టుకున్నాం. మూడు బ్యాండ్లలో ఐదు ఛానెళ్లు అనుకున్నాం. రాజమండ్రి నుంచి ఒక మిత్రుడు పొద్దున 7 నుంచి 9 మధ్య ఎప్పుడైనా, ఏ ఛానెల్‌లోనైనా పిలుస్తాడు. విన్నవాళ్లు జవాబివ్వాలి. నిజంగా తుపాను వచ్చినప్పుడు "నేను పావు తక్కువ ఎనిమిదికి పిలుస్తా" అని ముందే ఎవరూ చెప్పరు కదా.

నేను గ్యాడ్జెట్ మనిషిని. ఐదు ఛానెళ్లంటే నామోషీగా అనిపించింది. ఎలాగూ 99 మెమరీలున్నాయి, స్కాన్ స్పీడ్ బ్రహ్మాండంగా ఉంది. ఇంకో 17 కలిపాను. 5, 10, 15 మెగాహెర్ట్జ్ టైమ్ సిగ్నళ్లు, రెండు విదేశీ బ్రాడ్‌కాస్ట్ స్టేషన్లు, ఇంకా ఏవేవో. మొత్తం 22. ఫోన్‌ని చార్జింగ్ పెట్టి, కాఫీ కలుపుకుని కూర్చున్నా. డిస్‌ప్లేలో నంబర్లు పరిగెడుతుంటే చూడటానికి భలే ఉంది.

9 గంటలకి గ్రూప్‌లో లిస్ట్ వచ్చింది. మిత్రుడు మూడుసార్లు పిలిచాడట, ప్రతిసారీ ఎనిమిది సెకన్లపాటు. శ్రీకాకుళం కుర్రాడు విన్నాడు, కాకినాడ ఆవిడ విన్నారు. విశాఖ నుంచి నేను, నోటీసుకొచ్చినంత వరకు, చచ్చిపోయా. మూడింటికి మూడూ మిస్.

గురువుగారికి ఫోన్ చేశా. నా సెట్ చాలా స్పీడ్‌గా స్కాన్ చేస్తుందని, ప్రాపగేషనే బాలేదేమోనని ఏదో సర్దిచెప్పబోయా. ఆయన మొత్తం విని, "నీ రేడియో ఎంత జోరుగా తిరుగుతోందో చెప్పావురా. ఏటి వింటోందో చెప్పు" అన్నారు.

ఆ సాయంత్రం కాగితం, పెన్ను పట్టుకుని సెట్ ముందు కూర్చున్నా. నా సెట్ సిగ్నల్ తగిలిన ఛానెల్ మీద 10 సెకన్లు ఆగి ముందుకెళ్తుంది. 22 ఛానెళ్లలో రెండు చోట్ల బ్రాడ్‌కాస్ట్ స్టేషన్లు, ప్రతి రౌండ్‌లోనూ అక్కడ ఆగి పాటలు వింటోంది. అది నా తప్పే. కానీ ఇంకో నాలుగు చోట్ల ఏ స్టేషనూ లేకుండా గరగరమనే గోలకి ఆగుతోంది. పొద్దున కాఫీ ధ్యాసలో, కాస్త గోల ఎక్కువుంది అనుకున్నానే తప్ప పట్టించుకోలేదు. ఇంట్లో ఒక్కో ప్లగ్గూ పీకుతూ వచ్చా. ఫ్రిజ్ కాదు, రౌటర్ కాదు, ఎల్ఈడీ బల్బులు కాదు. ఫోన్ చార్జర్ పీకగానే నాలుగు ఛానెళ్లూ తేటపడ్డాయి. అవును, 8.5 మార్కుల చార్జరే. ఇలాంటి అడాప్టర్లు లోపల కరెంటుని అతి వేగంగా ఆన్-ఆఫ్ చేస్తాయి, ఆ స్విచింగ్ తాలూకు హార్మోనిక్స్ హెచ్‌ఎఫ్ పొడుగునా పడతాయి. వాటిని ఆపే ఫిల్టర్ సరిగ్గా పెడితే సమస్య తగ్గుతుంది. పెట్టకపోతే ఇంటి వైరింగే దానికి యాంటెన్నా. అలా వైరు మీదుగా వెళ్లే నాయిస్‌కి 150 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా అంతర్జాతీయ పరిమితులున్నాయి. నేను రివ్యూలో ఆ మాటే ఎత్తలేదు, ఎందుకంటే నాకే తట్టలేదు.

లెక్క ఇది. గోల లేని 16 ఛానెళ్లకి అర సెకను చొప్పున 8 సెకన్లు. ఆగిపోతున్న 6 ఛానెళ్లకి 10 చొప్పున 60. రౌండ్ మొత్తం 68 సెకన్లు. మిత్రుడి పిలుపు 8 సెకన్లు. అంటే ఒక పిలుపు నాకు తగిలే అవకాశం సుమారు ఎనిమిదింట ఒక వంతు. మూడు పిలుపులూ పోవడంలో వింతేముంది?

ఇప్పుడు అసలు సంగతి. ఇదే సెట్‌కి పది రెట్లు స్కాన్ స్పీడ్ ఉందనుకోండి. ఆ 8 సెకన్లు కాస్తా 0.8 అవుతాయి. రౌండ్ 68 నుంచి 60.8కి వస్తుంది. పది రెట్ల స్పీడ్‌కి డబ్బు పెట్టి నేను కొనుక్కునేది 7 సెకన్లు. అదే చార్జర్ పీకి, నాకు అక్కర్లేని 17 ఛానెళ్లు తీసేస్తే? ఐదు ఛానెళ్లు, రెండున్నర సెకన్లు. రూపాయి ఖర్చు లేదు. 8 సెకన్ల పిలుపు మధ్యలో నా రేడియో మూడుసార్లు అటుగా వెళ్తుంది.

స్క్వెల్చ్ బిగిస్తే పోయేది కదా అంటారు. అదీ చేసి చూశా. గోలకి ఆగడం మానేసింది, దాంతోపాటు నెమ్మదిగా వచ్చే స్టేషన్లకి కూడా ఆగడం మానేసింది. తుపానులో పడిపోయిన యాంటెన్నాని చెట్టుకి కట్టి, కారు బ్యాటరీతో పిలిచేవాడి సిగ్నల్ నెమ్మదిగానే వస్తుంది. ఆ గొంతు కోసమే గదా ఈ స్కాన్ అంతా.

దీనికి ఎస్‌డీఆర్ జవాబు అనే మిత్రులున్నారు. ఒక్కో ఛానెల్ మీదికి దూకడం ఎందుకు, బ్యాండ్ మొత్తం ఒకేసారి వాటర్‌ఫాల్‌లో చూస్తే పోలా అని. నిజమే, ఇప్పటి వైడ్‌బ్యాండ్ రిసీవర్లు అది చేయగలవు, నాకూ ఇష్టమే. కానీ వాటర్‌ఫాల్ మీద కళ్లు పెట్టుకుని రెండు గంటలు ఎవరు కూర్చుంటారు? కూర్చోకపోతే, ఏ గీతకి బెల్ కొట్టాలో మెషీన్‌కి చెప్పాలి. అంటే మళ్లీ అదే ప్రశ్న, దేనికి ఆగాలి? స్కాన్ పోతే ప్రశ్న పోదు. ఇంకోటి, కొత్త స్టేషన్లు వేటాడే సరదాకి, ఏం దొరికితే అది అన్నట్టు బ్యాండ్ జల్లెడ పట్టేవాళ్లకి స్పీడ్ పనికొస్తుంది, కాదనను. నేను మాట్లాడుతున్నది ఎవరో మనల్ని పిలుస్తారని కూర్చునే రేడియో గురించి.

ఓడల్లో జీఎండీఎస్ఎస్ 1999 ఫిబ్రవరి 1న పూర్తిగా అమల్లోకి వచ్చాక రేడియో ఆఫీసర్ ఉద్యోగాలు చాలావరకు పోయాయి. చుక్కల వరుస కోసం స్కాన్ చేసే ఆ రిసీవర్ గురువుగారి లాంటివాళ్ల కుర్చీలో కూర్చుంది. కోపం లేదా అని ఒకసారి అడిగా. "దానికి నిద్ర రాదు, కాఫీ అక్కర్లేదు. ఒక్కదానికే లేస్తుంది, ఆ ఒక్కదానికీ తప్పకుండా లేస్తుంది" అన్నారు. తన ఉద్యోగం తీసుకున్న మెషీన్‌కి ఇంత మంచి రివ్యూ ఇచ్చిన మనిషిని నేను చూడలేదు.

కాబట్టి ఇకమీదట నా హెచ్‌ఎఫ్ రివ్యూల టేబుల్‌లో స్కాన్ స్పీడ్ ఉండదు. స్క్వెల్చ్ ఏ రకం, మాటల లయని పడుతుందా, సెల్‌కాల్ గానీ ఏఎల్‌ఈ గానీ ఉందా, డ్వెల్‌ని మనం మార్చుకోవచ్చా, గోలగా ఉన్న ఛానెల్‌ని ఒక్క బటన్‌తో స్కాన్ నుంచి తప్పించొచ్చా, ఆగాక ఎన్ని సెకన్లకి కదులుతుంది, ఇవి రాస్తా. చార్జర్ల రివ్యూల్లో కూడా ఒక కొత్త లైన్ వస్తుంది. పాత ఏఎం రేడియో ఒకటి కొని టేబుల్ మీద పెట్టుకున్నా. చార్జర్‌ని దాని పక్కన పెట్టి, ఫోన్ తగిలించి, ఎంత దూరం దాకా గరగరమంటుందో కొలిచి చెప్తా. మీ ఇంట్లో తాతగారి రేడియో ఉంటే మీరూ చేసి చూడొచ్చు, ఒక్క నిమిషం పని.

ఆ పాత చార్జర్‌ మార్కులు 8.5 నుంచి 6.5కి దించుతున్నా. ఫోన్ మాత్రం ఇంకా దాంతోనే చార్జ్ చేస్తున్నా, రేడియో కట్టేశాక.